పచ్చి దుంగలో పిచ్చుక గూడు

గోదావరి డెల్టాలోని పెంకుటిండ్లలో పిచ్చుకకు ఎవరును వేరుగా చోటు చూపలేదు. మండువా లోగిలిలో వాసములకును పెంకులకును నడుమ మిగిలిన సందు, దీపము పెట్టుటకు గోడలో విడిచిన గూడు, వసారా దూలముపై చీకటి మూల, ఇవి యేవియు దాని కొరకు కట్టినవి కావు. అయినను తరతరములుగా అది వానిలోనే గుడ్లు పెట్టి పిల్లలను సాకినది. కొత్త పంట యింటికి వచ్చినపుడు వరికంకులను కుచ్చుగా అల్లి చూరునకు వ్రేలాడదీయుట కోనసీమలో నేటికిని కొన్ని యిండ్లలోను, దేవాలయములలోను కాననగును. అనగా మనవారు పిచ్చుకకు భోజనము తెలిసి పెట్టిరి. వసతి మాత్రము తెలియకయే యిచ్చిరి.

తెలియక యిచ్చినది తెలియకయే పోయినది. పెంకుటిల్లు పోయి కాంక్రీటు కప్పు వచ్చినది. ఆ కప్పునకు చూరు లేదు, వాసములు లేవు, సందులు లేవు. గోడలు నున్నగా సిమెంటు పూతతో నున్నవి. కళ్ళములో నూర్పిడి జరిగిన నాళ్ళలో నేలరాలిన గింజ పిచ్చుకకు దక్కెడిది. ఇపుడు కోతయంత్రము పొలములోనే నూర్చి, గింజను నేరుగా ట్రాక్టరులోనికి పోయుచున్నది. పిచ్చుక పిల్లలు గింజలు తిని పెరుగవు. మొదటి దినములలో వానికి మెత్తని పురుగులే ఆహారము. పురుగుమందుల వలన ఆ ఆహారమునకును కొరత వచ్చినది.

అయితే ఒక మాట. పిచ్చుక దేశమంతటను అంతరించిపోవుచున్నదని తరచుగా వినుచుందుము. 2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక ఆ మాటను పూర్తిగా సమర్థింపలేదు. పెద్ద నగరములలో పిచ్చుకలు తగ్గినవనియు, దేశము మొత్తము మీద చూచినచో ఇంచుమించు నిలకడగా నున్నవనియు ఆ నివేదిక తెలిపినది. కనుక మన పల్లెలలో, చిన్న పట్టణములలో పిచ్చుక ఇంకను ఉన్నది. దానికి కావలసినది తల దాచుకొని గుడ్లు పెట్టు చోటు. ఆ చోటు మనము చేసి యీయవచ్చును.

ఇట్లు చేసి యిచ్చుట కొత్త సంగతి కాదు. 2010 నుండి మార్చి 20వ తేదీని ప్రపంచ పిచ్చుకల దినముగా జరుపుచున్నారు. ఆ సందర్భమున అట్టపెట్టెలు, రేకు డబ్బాలు, ప్లైవుడ్ పెట్టెలు పంచిపెట్టుట పలుచోట్ల జరుగుచున్నది. పంచువారి సంకల్పము మంచిదే. కాని అట్టపెట్టె తొలకరి వానకు ముద్దయగును. ప్లైవుడ్ రెండు వర్షాకాలములకు పొరలు విడును. రేకు డబ్బా సంగతి చెప్పనక్కర లేదు. రాజమహేంద్రవరములో మే నెల ఎండ 45 డిగ్రీల వరకు పోవుట కలదు. అట్టి దినమున ఎండలోని రేకు డబ్బాలో గుడ్డును ఉంచుట పొయ్యిపై ఉంచుటయే. ప్రకృతిలో తొర్రలో గూడుకట్టు పక్షికి దొరకునది అంగుళము మందముగల కొయ్యగోడ. వేడి దానిలోనికి నెమ్మదిగా చొచ్చును, నెమ్మదిగా వెడలును. కనుక గూటిని దుంగనుండి తొలిచి చేయుటయే మేలు. తొలుచుటకు వడ్రంగి పిట్టకు ముక్కు ఉన్నది, మనుష్యునకు తరిమెన ఉన్నది.

తరిమెన అనగా నేటివారు లేతు అని పిలుచు యంత్రము. కొయ్య తిరుగుచుండగా ఉలిని కదలకుండ పట్టి చెక్కుట దానిలోని కిటుకు. పూర్వము ఒకడు వారును ముందునకు వెనుకకు లాగుచుండగా, నేలపై కూర్చున్న పనివాడు ఉలిని పట్టెడివాడు. కొయ్య ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగును గనుక ఉలి తెగునది సగము కాలము మాత్రమే. విద్యుత్తు మోటారు వచ్చిన తరువాత కొయ్య ఒకే వైపునకు నిరంతరము తిరుగుచున్నది. మన ప్రాంతమున మంచపు కోళ్ళు, ఊయల గుజ్జులు, కవ్వములు, బొంగరములు, కుంకుమ భరిణెలు ఈ తరిమెన మీదనే పుట్టినవి. ఇనుప మంచములు, అచ్చు పోసిన ప్లాస్టిక్ వస్తువులు వచ్చిన పిమ్మట ఆ పని చాలవరకు సన్నగిల్లినది. పిచ్చుక గూడు తరిమెనవానికి సరిపడు పని. దానికి ఖరీదైన కలప అక్కరలేదు. ఎండిన కలపయు అక్కరలేదు. అప్పుడే కూలిన చెట్టు మొద్దు చాలును.

ఇక్కడనే చదువరులకు సందేహము కలుగవచ్చును. పచ్చి కొయ్యతో పని చేయరాదని, ఎండిన తరువాత అది బీటలు వారునని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. ఆ మాట నిజమే. కాని ఎందుకు బీటలు వారునో తెలిసినచో, ఏ పనికి పచ్చి కొయ్య తగదో, ఏ పనికి తగునో కూడ తెలియును.

పచ్చి కొయ్యలో నీరు రెండు విధములుగా నుండును. సన్నని గొట్టములవంటి కణముల నడుమ నిండియుండు నీరు ఒకటి. ఆ కణముల గోడలలో ఇంకియుండు నీరు రెండవది. మొదటి నీరు పోయినంతవరకు కొయ్య తేలికపడునే గాని కుంచింపదు. ఎండిన కొయ్య బరువులో సుమారు 30 పాళ్ళకు తేమ దిగిన పిమ్మట రెండవ నీరు పోవుట మొదలగును. అపుడు కొయ్య కుంచించును. ఆ కుంచించుట అన్ని దిక్కులకు ఒకే తీరున నుండదు. నిలువున, అనగా చెట్టు పెరిగిన దిక్కున, లెక్కకు రానంత తక్కువ. దవ్వ నుండి బెరడు వైపునకు కొంత. చుట్టుకొలత వెంబడి దానికి సుమారు రెట్టింపు.

గుండ్రని మొద్దును తలచుకొనుడు. దాని చుట్టుకొలత ఎక్కువగా తగ్గజూచును. లోపలి కొయ్య అంతగా తగ్గదు. నడుమునకు బిగుతుగా మొలత్రాడు కట్టుకొనిన మనుష్యుడు కడుపునిండ భోజనము చేసినచో ఏమగునో మొద్దునకును అదియే యగును. త్రాడు తెగవలెను. కొయ్యలో త్రాడు తెగుటయే బీట. అందుచేతనే కట్టెల అడితిలోని మొద్దులకు బెరడు నుండి దవ్వ వరకు కోణముగా బీట తెరచుకొని యుండును.

ఇపుడు ఆ మొద్దును పచ్చిగా నుండగనే నడుమ తొలిచివేసినామనుకొనుడు. మిగిలినది అంగుళము మందముగల డొల్ల. చుట్టుకొలత తగ్గదలచినపుడు అడ్డుకొనుటకు లోపల ఏమియు లేదు. డొల్ల మొత్తము లోనికి ఒదిగి కొంచెము చిన్నదగును. త్రాడు తెగనక్కర లేదు, కడుపే ఖాళీ. మృదంగము చేయువారు ఈ రహస్యమును ఎన్నడో కనిపెట్టిరి. పనసమొద్దును తొలిచి డొల్ల చేసిన పిదప అది ఏండ్ల తరబడి వాద్యమునకు నిలుచుచున్నది. తొలవకుండ విడిచిన పనసదుంగ ఒక్క వేసవికి చీలును. రేడియోలో వినవచ్చు కచేరీలోని మృదంగమును, చూరు క్రింది పిచ్చుక గూడును ఈ విషయమున ఒకే కుటుంబమునకు చెందినవి.

తరిమెన పనియనగానే మన ప్రాంతమువారికి ఏటికొప్పాక గుర్తుకు వచ్చును. తుని దాటి ఉత్తరముగా పోయినచో వరాహనది ఒడ్డున ఆ గ్రామమున్నది. 2022లో జిల్లాలను పునర్విభజించిన తరువాత అది అనకాపల్లి జిల్లాలో చేరినది. అచటి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ప్రకృతిసిద్ధమైన రంగులను ఆ పనిలో తిరిగి వాడుకకు తెచ్చిన శ్రీ సి. వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ పురస్కారము వచ్చినది. అచటివారు వాడునది మెత్తని, తెల్లని అంకుడు కర్ర. దానిని ఎండబెట్టి తరిమెన పట్టుదురు. తిరుగుచున్న బొమ్మకు రంగు కలిపిన లక్క కణికెను నొక్కిపట్టగా, ఒరిపిడి వేడిమికి లక్క కరిగి కొయ్యకు అంటుకొనును. పిదప మొగలి ఆకుతో నొక్కి మెరుగు తెత్తురు.

ఏటికొప్పాక పద్ధతి అందమైనదే, కాని పిచ్చుక గూటికి పనికిరాదు. పచ్చి కొయ్యలో నీరు ఉన్నంతకాలము లక్క పట్టదు. పట్టినను లోపలి తేమకు దారి లేక బూజు పుట్టును. ఎండకు లక్క మెత్తబడును, వానకు తెల్లబారును. అదియును గాక పిచ్చుకకు మెరుపుతో నిమిత్తము లేదు. లోపలి గోడ గరుకుగా నున్ననే పిల్ల దానిని గోళ్ళతో పట్టుకొని ద్వారము వరకు ఎగబ్రాకగలదు. కనుక గూటికి రంగు వద్దు, లక్క వద్దు, వార్నీషు వద్దు. ఉలి విడిచిన గరుకును విడిచినట్లే యుంచవలెను. చక్కని పనివానికి ఇది కొంత కష్టముగానే యుండును. నున్నగా చేయకుండ వదలుట అతని చేతికి అలవాటు లేని పని.

ఏ కొయ్య వాడవలెను? మన డెల్టాలో కాలువగట్ల మీదను, బాటల ప్రక్కను ఎదిగిన నిద్రగన్నేరు ఈ పనికి శ్రేష్ఠమని నా అభిప్రాయము. అమెరికా ఉష్ణప్రాంతములనుండి మన దేశమునకు వచ్చిన చెట్టు అది. దాని కొయ్య ఎండునపుడు చాల తక్కువగా కుంచించును. హవాయి, ఫిలిప్పీన్స్ దీవులలో ఈ కొయ్యను పచ్చిగా నుండగనే తొలిచి పళ్ళెములు, గిన్నెలు చేసి అమ్ముట ప్రసిద్ధము. దాని పొట్టు ముక్కునకు ఘాటుగా తగులును గనుక ముఖమునకు గుడ్డ కట్టుకొనుట మంచిది. మామిడి రెండవది. కోయుటకు సులువు, దొరకుటకు సులువు. కాని తడి మామిడికి కొద్ది దినములలోనే నీలిబూజు పట్టును, పిమ్మట పుచ్చుపురుగు చేరును. కోసిన వారములోపల తొలిచి ఆరబెట్టవలెను. తుమ్మ గట్టిది, ఏండ్లు నిలుచును. అయితే తడి తుమ్మలోని వగరు ఇనుమును తాకగానే కొయ్యయు, చేతులును నల్లబడును. పని ముగియగనే ఉలిని తుడిచి నూనె రాయనిచో మరునాటికి తుప్పు పట్టును. సముద్రతీరపు సరుగుడు మాత్రము వద్దు. పొయ్యిలోనికి, పందిరి గుంజలకు అది మంచిదే గాని, అంత మొండిగా చీలు కొయ్య మరియొకటి లేదు.

కొబ్బరి సంగతి వేరు. అది నిజమునకు మనము కొయ్యయని పిలుచు జాతిలోనిది కాదు. దానికి వలయములు లేవు, నడుమ చేవ లేదు. గట్టితనమంతయు అంచున, మెత్తదనమంతయు నడుమ. పచ్చి కొబ్బరి మొద్దు నడిమిభాగము నీటితో నిండిన పీచు. దిక్కుదిక్కునకు కుంచింపులో తేడా అంతగా లేనందున అది కోణపు బీటలు వారదు. పై అంచున మాత్రము నిలువు పోగులు గట్టిగా నుండి ఉలి మొనను త్వరగా మొద్దుబార్చును. మోడువారిన కొబ్బరిచెట్టు తొర్రలో రామచిలుకలు, గోరువంకలు కాపురముండుట కోనసీమవారు ఎరిగినదే. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తీరము దాటిన పెనుతుపాను కోనసీమలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లను కూల్చినది. అట్టి దినములలో మనుష్యులు తమ కొంపలకే వెదుకుకొనిరి గనుక పక్షుల తొర్రలను ఎవరును లెక్కింపలేదు. కొబ్బరి మొద్దు లావు. మంచపు కోళ్ళు తీయు చిన్న తరిమెనపై పట్టదు. పట్టు పెద్ద తరిమెన ఉన్నచో అది పిచ్చుకకు గాక గోరువంకకు, ఎలుకలను పట్టు చిన్న జాతి గుడ్లగూబకు ఇల్లగును.

పచ్చి మొద్దు కావలెనని పచ్చని చెట్టును నరుకరాదు. అనుమతి లేక చెట్టు కొట్టుటను నేల, నీరు, చెట్ల రక్షణకై 2002లో వచ్చిన రాష్ట్రచట్టము నిషేధించుచున్నది. గాలివానకు కూలినవి, పాతబడి తోటవారు తీసివేసినవి, విద్యుత్తు తీగలకు అడ్డమని కొట్టిన కొమ్మలు ఏటేట దొరకుచునే యుండును. వానిలో చాలభాగము పొయ్యిలోనికో, ఇటుక బట్టీకో పోవునవియే.

దుంగను ఎన్నుకొనునపుడు కోసిన ముఖమును చూడవలెను. దవ్వ సరిగా నడుమ నున్నదా, ప్రక్కకు తొలగియున్నదా? కాలువ నీటిపైకి వంగి పెరిగిన చెట్టునకు దవ్వ ఒక ప్రక్కకు పోవును. అట్టి దుంగ ఎండినపుడు వంకర తిరుగును. నిటారుగా పెరిగిన దానిని తీసికొనుడు. బెరడుతో కలిపి 7 అంగుళముల అడ్డుకొలత, 12 అంగుళముల పొడవు చాలును. వెంటనే తరిమెన పట్టుటకు వీలులేనిచో ముక్కలు కోయక, మొద్దు మొద్దుగనే నీడలో ఉంచి రెండు కోత ముఖములకు పేడ అలికిన మంచిది. కొయ్యలోని నీరు ప్రక్కలనుండి కంటె కోత ముఖములనుండియే మిక్కిలి వేగముగా పోవును. కలప అడితులవారికి ఈ అలుకు పాత అలవాటు.

తరిమెనపై మొదట దుంగను రెండు మొనల నడుమ బిగించి గుండ్రన చేయుదురు. గుండ్రన అగువరకు వేగము నిమిషమునకు 500, 600 చుట్లు మించరాదు. పచ్చి దుంగ బరువు, పైగా ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ. వేగము హెచ్చినచో తరిమెన మొత్తము అదరును. పంచె కొంగు, చొక్కా చేతులు, మెడలోని తుండు ఏదియు వ్రేలాడరాదు. పచ్చికొయ్యను తరిమెన పట్టుటలోని సుఖమేమనగా, ఎండుకొయ్య వలె దుమ్ము రేగదు. తడి పొట్టు నాడాల వలె పొడుగాటి చుట్టలుగా ఉలి మీదుగా జారిపోవును. ఆ పొట్టును పారవేయరాదు. దానితో పని యున్నది.

పిదప ఒక కొనను గట్టిగా పట్టించి, రెండవ కొననుండి నడుమ లావుపాటి బరమాతో నిలువుగా రంధ్రము తొలుతురు. దవ్వ మొత్తము ఆ రంధ్రముతో పోవలెను. తరువాత కొక్కెము వలె వంగిన ఉలితో రంధ్రమును లోపల వెడల్పు చేసికొనుచు పోదురు. లోపలి వెడల్పు 5 అంగుళములు, గోడ మందము అన్నిచోట్ల ఇంచుమించు ముప్పాతిక అంగుళము నుండి అంగుళము. అన్నిచోట్ల ఒకే మందము అను మాటయే ముఖ్యము. ఒకచోట మందము, ఒకచోట పలుచన ఐనచో పలుచనిది ముందు ఎండి మందమైన దానిని లాగును. అపుడు మృదంగపు రహస్యము కూడ మనలను కాపాడదు.

డొల్ల రెండు కొనలు తెరచియుండును. అడుగున పలక, పైన కప్పు కావలెను. అడుగు పలకను పచ్చి మొద్దుతోనే చేయవచ్చునా? చేయరాదు. మొద్దును అడ్డముగా కోసిన బిళ్ళలో దవ్వ నడుమ నుండును. అది తప్పక నక్షత్రము వలె పగులును. ఏనాటిదో విరిగిన బల్ల ముక్కను, అనగా బాగుగా ఎండిన పలకను, గుండ్రముగా కోసి అడుగున అమర్చవలెను. ఇచట ఎడ్లబండి చక్రమును గుర్తు చేసికొనుడు. కమ్మరి ఇనుప పట్టాను కాల్చి, వ్యాకోచించిన దానిని చక్రమునకు తొడిగి నీళ్ళు పోయును. చల్లారి కుంచించిన పట్టా చక్రమును బిగించును. ఇక్కడ నిప్పు చేయు పనిని తేమ చేయుచున్నది. పచ్చి డొల్ల ఎండుచు ఎండుపలకను తనంతట బిగించును.

అయితే కొలత తప్పరాదు. తడి డొల్లలో పలకను మొదటనే బిగుతుగా కొట్టినచో డొల్లకు కుంచించుటకు చోటుండదు, పగులును. మన సముద్రతీరపు గాలి తేమగా నుండును గనుక కొయ్య పూర్తిగా ఎండుట ఎన్నటికిని జరుగదు. 5 అంగుళముల వెడల్పునకు నిద్రగన్నేరులో సుమారు 2 మిల్లీమీటర్లు, మామిడిలో 3 లేక 4 మిల్లీమీటర్లు తగ్గునని లెక్క వేసికొని, పలకను ఆ మేరకు చిన్నదిగా కోసి, వెదురు మేకులతో వదులుగా నిలుపవలెను. రెండు నెలలకు అది కదలకుండ బిగియును. పలక పై ముఖమును ప్రమిద వలె కొంచెము పల్లముగా తీసినచో గుడ్లు మూలలకు దొర్లవు. అంచు దగ్గర పావు అంగుళపు రంధ్రములు నాలుగు వేయుట వలన జల్లు లోపలికి కొట్టినను నీరు నిలువదు.

గూటి అడుగు పల్లముగా నుండవలెనను సంగతిని పట్టుబట్టి చెప్పినవాడు హాన్స్ ఫాన్ బెర్లెప్ష్ అను జర్మను ప్రభువు. తురింగియా ప్రాంతములోని సీబాక్ ఆయన గ్రామము. 19వ శతాబ్ది చివర ఆయన వడ్రంగి పిట్టల తొర్రలను నిలువునా కోయించి లోపలి ఆకారమును పరిశీలించెను. తొర్ర పైభాగము సన్నముగా, మధ్య విశాలముగా, అడుగు మూకుడు వలె నుండుట గమనించి, సహజమైన దుంగలను బెరడుతోనే యంత్రముతో అదే ఆకారమున తొలిపించి గూళ్ళు చేయించెను. 1899లో పక్షిరక్షణపై ఆయన పుస్తకము వెలువడినది. ఆయన గూళ్ళు ఐరోపా అంతటను ప్రచారమైనవి. పిట్ట ఎట్లు చేసినదో చూచి మనము చేయుట తప్ప ఆయన పద్ధతిలో వేరే విశేషమేమియు లేదు. ఆ విశేషము తట్టుటకే అన్ని తొర్రలు కోయవలసి వచ్చినది.

ద్వారము విషయమున చాలమంది ఔదార్యము చూపుదురు. పెద్ద ద్వారమున్నచో పిచ్చుకకు సుఖమని తలంతురు. పెద్ద ద్వారములో నుండి పిచ్చుకకంటె ముందు గోరువంక దూరును. పిచ్చుక గుడ్లను విసరివేసి తాను స్థిరపడును. పిల్లి చేయి, కాకి ముక్కు కూడ లోపలికి పోవును. పిచ్చుకకు 32 మిల్లీమీటర్ల రంధ్రము చాలును. కొలబద్ద లేనివారు క్యారమ్ బిళ్ళను అడ్డుపెట్టి చూడవచ్చును. బిళ్ళ సరిగా దూరిన చాలు, గోరువంక దూరలేదు. రంధ్రము అడుగు పలకకు 5, 6 అంగుళముల పైన నుండవలెను. దానిని కొంచెము పైకి వాలుగా తొలిచినచో వాన లోపలికి రాదు. ద్వారము ముందు వ్రాలుటకు పుల్ల గుచ్చుట చూపునకు ముచ్చటగా నుండును గాని, దానివలన మేలు కాకికే. పిచ్చుకకు పుల్ల అక్కరలేదు.

కప్పునకు నా సలహా కుమ్మరిని ఆశ్రయింపుమనుటయే. తరిమెనపై కప్పు చేసిన అందముగా నుండును, కాని లోపల డొల్ల చేయనిచో అడుగు బిళ్ళకు పట్టిన గతియే దానికి పట్టును. మట్టి మూకుడు బోర్లించి, గూటి పై అంచునకు తీగతో కట్టిన వాన జారిపోవును, ఎండకు పగులదు, అవసరమైనపుడు విప్పి శుభ్రము చేయవచ్చును. మూకుడు అంచు చుట్టును రెండంగుళములు ముందుకు వచ్చునట్లు చూడవలెను.

తయారైన గూటిని ఎండలో పెట్టరాదు. తరిమెన పొట్టునుగాని, ధాన్యపు ఊకనుగాని గోనెసంచిలో పోసి, దానిలో గూటిని కప్పిపెట్టి నీడలో నుంచవలెను. పొట్టు తేమను నెమ్మదిగా పీల్చి నెమ్మదిగా విడుచును. మూడు దినములకొకసారి సంచి తెరచి పొట్టును కలియబెట్టుచుండవలెను, లేనిచో బూజు పట్టును. ఎండినదా లేదా అని చూపులతో చెప్పజాలము. కిరాణా త్రాసులో వారమునకొకసారి తూచుచుండుడు. పచ్చి గూటి బరువులో ఎంతభాగము నీరో అపుడు తెలిసి ఆశ్చర్యము కలుగును. రెండు వారములు వరుసగా బరువు తగ్గకున్నచో అది ఎండినది.

వ్రేలాడదీయుటకు తగిన చోటు సజ్జా క్రింద, 8 నుండి 12 అడుగుల యెత్తున. పడమటి యెండ పడరాదు. తూర్పు ముఖమో, ఉత్తర ముఖమో మేలు. కొబ్బరి త్రాడు చిక్కి తెగును గనుక జస్తా పూసిన తీగ వాడుడు. గాలికి ఊగకుండ గోడకు ఆనించి కట్టిన మరియు మంచిది. పిచ్చుక గుంపు ప్రాణి. ఒంటరి గూటికంటె దగ్గర దగ్గరగా మూడు గూళ్ళు ఉంచినచో త్వరగా చేరును. వరికంకుల కుచ్చును మాత్రము గూటి ప్రక్కనే కట్టరాదు. తిండికి వచ్చు గుంపు, కాకులు, ఉడుతలు గుడ్లపై కూర్చున్న తల్లిని బెదరించును. పది అడుగుల దూరము విడుచుట మర్యాద.

కట్టిన వెంటనే పిచ్చుక రాదు. కొన్ని దినములు ఎదుటి తీగపై కూర్చుండి చూచును, మగది ఒకసారి తల దూర్చి పోవును. కొన్ని గూళ్ళలోనికి నెలల తరబడి ఏదియు రాదు. అట్టిదానిని ఇంకొక గోడకు మార్చి చూడవలెను. గడ్డిపరకలు లోపలికి మోయుట మొదలైన పిమ్మట గూటిని తాకరాదు. పిల్లవాండ్రను ఎత్తి చూపరాదు. గుడ్లు పొదుగుటకు రెండు వారములు, పిల్లలు ఎగురుటకు మరి రెండు వారములు పట్టును. పిల్లలు వెడలిన తరువాత మూకుడు విప్పి, పాత గడ్డిని పారవేసి, వేడినీళ్ళతో కడిగి ఎండనిచ్చి తిరిగి కట్టవలెను. పాత గడ్డిలో పేలు, నల్లులవంటి క్రిములు చేరియుండును గనుక ఆ పని చేయునపుడు గూటిని గుమ్మమునకు, ధాన్యపు గాదెకు దూరముగా తీసికొనిపోవుట మంచిది.